పేరు పెట్టడం

కొండవీటి చాంతాడని వినడమే గానీ
చూసింది మాత్రం గ్రిమ్స్‌బీలో.
చేపల వేలం నడిపే ప్రోగ్రామ్‌లో ఒకే ఒక్క ఫంక్షను,
పద్దెనిమిది వందల నలభై లైన్లు.
పేరు "ప్రాసెస్".
ఏం ప్రాసెస్సో, ఎవరికో, ఎందుకో లేదు.
సంతలో నిలబడి "ఏమండీ" అని కేకేసినట్టు.

ఇరవై రెండేళ్లు రాశాడట లెన్ బ్లాంచర్డ్.
రిటైరైన రోజు నెత్తిన ఒక్క ముక్క తగిలించి పోయాడు:
"ముట్టుకోకండి. చేపలు ఆగిపోతాయి."

పొద్దున్న ఐదు. డాక్ పక్క ఆఫీసు.
కిటికీకి కొట్టేది వానో సముద్రమో తెలియదు.
హీటరుకి కాళ్లు ఆనించి స్క్రోల్ చేస్తున్నాను.
ఐదో లైన్లో పుట్టిన t
ఏడువందల లైన్లు నడిచి, మధ్యలో t2ని కని,
ఎక్కడ పోయిందో ఎవరికీ కబురు లేదు.

ఎనిమిదో తరగతి తెలుగు పేపరు గుర్తొచ్చింది.
కింది పదాలను విడదీసి సంధి పేరు రాయుము. రెండు మార్కులు.
విడదీస్తే ఒకటి, పేరు రాస్తే ఒకటి.
విడదీయడం ఎప్పుడూ వచ్చేది నాకు.

మొదటి కోత చిన్నది:
పెట్టె బరువులోంచి మంచు బరువు తీసేసే తొమ్మిది లైన్లు.
పక్కకి జరిపి "మంచు పోగా బరువు" అన్నాను.
వాటి చోట ఒక మాట మిగిలింది.
పైకి చదివి చూశాను. చెవికి ఆనింది.

పేరులో "మరియు" దూరితే
లోపల ఇంకా ఇద్దరున్నారని లెక్క.
మళ్లీ కోత.

మా మేనత్త ఏ పెళ్లి భోజనానికైనా పేరు పెట్టేది,
పప్పులో ఉప్పు నుంచి పందిట్లో కుర్చీ దాకా.
లెన్‌కి అలా పేరు పెట్టడం తేలికే,
ఆఫీసంతా అదే పని.
అతను రాసినదానికి పెట్టడమే
వారానికి నాలుగైతే గొప్ప.

పదకొండు వందల పన్నెండో లైను:
అమ్మేవారి నంబరు 417 అయితే కమీషను సున్నా.
పైన వివరం లేదు, కింద లేదు.

పసుపు బూట్లలో గ్లెనిస్, వేలం నేల కడుగుతూ
గొట్టం ఆపకుండానే చెప్పింది:
"ఆస్క్యూ వాళ్లది. తొంభై ఎనిమిదిలో పడవ మునిగింది,
ఆయనా, ఆయన తమ్ముడూ.
ఇప్పుడు కూతురు పీతలు తెస్తుంది.
లెన్ ఎవరికీ చెప్పలేదు. నేనూ నీకు చెప్పలేదు."

తిరిగొచ్చి కూర్చున్నాను.
ఇన్నేళ్లూ ఈ లైను బతికింది
ఎవరూ చదవలేని చోట ఉండబట్టి.
నేను చేస్తున్నదేమో చదివించే పని.
విడిగా తీసి పేరు పెట్టానా,
రేపు ఆడిట్‌కొచ్చే ఏ కుర్రాడైనా
ఒక్క మీటతో లేపేస్తాడు.

"రౌండింగ్ సవరణ" అని కొట్టాను. అబద్ధం. చెరిపాను.
"ప్రత్యేక విక్రేత". ఏం ప్రత్యేకం? చెరిపాను.
టీ చల్లారింది. కప్పు మీద సముద్రపు కాకులు
ఏదో చేప గురించి తగువాడుకుంటున్నాయి.
చివరికి
"ఆస్క్యూ ఇంటి దగ్గర కమీషను తీసుకోం".
పంపేశాను, కళ్లు మూసుకుని కాదు గానీ
దాదాపు అలాగే.

సమీక్ష యోవిటాది.
కామా తప్పినా వదలని మనిషి.
మధ్యాహ్నం దాకా ఉలుకూ పలుకూ లేదు,
తర్వాత ఒకే వాక్యం:
"దీనికి టెస్టు ఏది?"

ఇద్దరం కూర్చుని రాశాం.
417 దగ్గర ఒక్క పెన్నీ పట్టినా
బిల్డు మొత్తం ఎర్రబడి ఆగిపోయేలా.
టెస్టుకి పేరు తనే పెట్టింది, లిథువేనియన్‌లో.
అర్థం అడిగితే
"తీసేసేవాడు వచ్చి అడగాలి, అందుకు" అంది.

మర్నాడు పీతలు పదకొండు పెట్టెలు, కమీషను సున్నా.
చేపలు ఆగలేదు.
ఇంకా పదహారు వందల లైన్లున్నాయి,
"ప్రాసెస్" ఇంకా ప్రాసెస్సే.